వంచి చూసే పరీక్ష

జూన్ 14

అమ్మా,

క్షేమంగా చేరావని వార్డెన్ చేత చెప్పించావు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నేనే ఫోను చేస్తే "ఇక్కడ గ్రైండరు మోత, ఏమీ వినబడదు, ఉత్తరం రాయి" అని పెట్టేశావు. సరే, రాస్తున్నాను. ఆఫీసులో రోజంతా ఫిర్యాదులకు జవాబులు రాసే చెయ్యి కదా, ఇదీ అలాగే ఉంటే ఏమీ అనుకోకు.

చదువు ఎలా సాగుతోంది? రోజూ క్లాసుకు వెళ్తున్నావా? అర్థం కాకపోతే అడుగుతున్నావా, తల ఊపి ఊరుకుంటున్నావా? గదిలో నీతో ఎవరున్నారు? వేళకు తింటున్నావా? ఇవన్నీ నేను హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు అడిగినవే. అప్పట్లో నాకెంత ఒళ్ళు మండేదో గుర్తుంది. అయినా అడుగుతున్నాను.

నాన్న బాగున్నారు. షెడ్డులో ఎవరిదో మేడమెట్ల రెయిలింగు నడుస్తోంది. నువ్వు ఎత్తినట్టు ఫోను ఎవరూ ఎత్తడం లేదు. మొన్న ఒకరి కిటికీ గ్రిల్లు ఇంకొకరి ఇంటికి వెళ్ళి తిరిగొచ్చింది. నీ మాట ఆయన ఎత్తరు, నేను ఎత్తితే "ఐదు నెలలేగా" అని లేచిపోతారు.

ఒక సంగతి ముందే చెప్పెయ్యాలి. మేడమీద బట్టలు కుట్టే ఆవిడ నువ్వు కనబడటం లేదేమని అడిగితే, మీ అక్క కూతురి పురిటికి సాయం వెళ్ళావని నాన్న చెప్పేశారు. నేను పక్కనే ఉన్నాను. తల ఊపాను. పోనీలే, ఐదు నెలలేగా.

నీ కూతురు


జూన్ 22

హెడ్మాస్టరమ్మ గారికి,

రోజూ క్లాసుకు వెళ్తున్నాను. వేళకు తింటున్నాను, వేళ కానప్పుడు కూడా తింటున్నాను. నా గదిలో ఉన్న పిల్లకి నీకంటే చిన్న వయసు, నిద్రలో ఎవరితోనో పోట్లాడుతుంది, తనే గెలుస్తుంది. తల ఊపి ఊరుకోవడం కాపురంలో అలవాటైంది కానీ ఇక్కడికొచ్చి మానేశాను.

క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే. మాస్టారి కంటే కూడా. మొదటి రోజు ఆయన నన్ను చూసి, ఏ పిల్లనో దింపడానికి వచ్చిన తల్లి అనుకుని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను. కాసేపటికి హాజరు పిలిచారు. బెంచీ మీద నుంచే "ఉన్నాను సార్" అని అరిచాను. ఆయన పెన్ను కింద పడింది.

ఇక ఆ పురుడు. మా అక్క కూతురు పురుడు పోసుకుని నాలుగేళ్ళయిందే! మళ్ళీ పోయించడానికి మీ నాన్న ఎవరు? నేను చదువుకోవడానికి వచ్చాను. ఏం చదువని అడిగితే వెల్డింగని చెప్పు. నోరు నొప్పి పుట్టదు, చిన్న మాటే.

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను, రాస్తే నాకు బాగుంటుంది. నువ్వు పుట్టకముందు నుంచీ ఆ షెడ్డులో ఫోనెత్తుతున్నాను. ఏ గేటుకి ఎంత ఇనుము పడుతుందో, ఏ కొలత తప్పిందో చెప్పింది నేను. అతికే రాడ్డు పట్టే హోల్డరు మాత్రం మీ నాన్న ఒక్కనాడూ చేతికివ్వలేదు. వెల్డరు రాని ఒక రోజు నేనే తీసుకుని మనింటి గేటుకి కీలు అతికాను. మూడో రోజు అది ఊడి, గేటు కొరియరు అబ్బాయి కాలి మీద పడబోయింది. ఆ కీలు ఈ రోజుకీ మీ నాన్న టేబులు మీద, కాగితాలు ఎగిరిపోకుండా బరువు. గేటు చేయించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఎత్తి చూపించి "మా ఆవిడ పనితనం" అంటారు. వాళ్ళు నవ్వుతారు. టీ కప్పులు పట్టుకుని నేనూ నవ్వేదాన్ని. నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టాయి. అందుకే వచ్చాను.

ఇక్కడ చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. రెండు ఇనప పలకలు పక్కపక్కన పెట్టి అతకాలి. అతికినదాన్ని పట్టీలుగా కోసి, ప్రెస్సులో పెట్టి, గుర్రపు నాడాలాగా వంచుతారు. అతుకు దగ్గర పగిలితే తప్పినట్టు. అందులో ముఖం చూసి మార్కులెయ్యడం ఉండదు. ఊరికే చూద్దామని ఈ వారం నాదొకటి వంచారు. ఫెళ్ళున పగిలింది! హాలంతా తిరిగి చూసింది.

మీ అమ్మ, విద్యార్థిని


జులై 19

అమ్మా,

పగిలిందని అంత సంబరంగా రాశావేమిటి? నేను మూడో తరగతిలో లెక్కల్లో సున్నా తెచ్చుకుంటే నువ్వు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నా సున్నాకి ఏడుపు, నీ సున్నాకి సంబరమా?

ఇక్కడ సంగతి చెయ్యి దాటింది. "పురుడొచ్చిందా?" అని మేడమీదావిడ మెట్ల మీద నిలేస్తే నాన్న "వచ్చింది" అన్నారు. "ఎవరు?" అంటే "మగపిల్లాడు" అన్నారు. ఆయన్ని చూస్తే జాలేసింది. చెమటలు పట్టాయి. నాలుగు రోజుల్లో ఆవిడ ఊలుతో మేజోళ్ళు అల్లి తెచ్చింది, బాబుకి పంపమని. చూస్తే ముద్దొస్తున్నాయి. పారెయ్యడానికి మనసొప్పక ఈ కవరులోనే పెడుతున్నాను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

అమ్మా, కోప్పడకుండా విను. నిజంగా కష్టంగా ఉంటే వచ్చెయ్యి. ఎవరికీ తెలీదు కాబట్టి ఎవరూ అడగరు. ఏం చదివావు, ఎందుకు మానేశావు అని ఒక్కరు కూడా అనరు. నాన్న అబద్ధంలో మంచి అంటూ ఉంటే అదొక్కటే.

నీ కూతురు


జులై 30

అమ్మాయీ,

నాకు తెలియకుండా నాకు మనవడు పుట్టాడన్నమాట. బరువెంతో కూడా కనుక్కుని రాయి.

మేజోళ్ళు అందాయి. ఒకటి నా కళ్ళజోడు దాచుకోవడానికి సరిగ్గా సరిపోయింది. రెండోది గదిలో పిల్ల కొట్టేసింది, అందులో ఏం దాస్తుందో నేను అడగలేదు. మేడమీదావిడ చెయ్యి మంచిది, కుట్టు ఎక్కడా జారలేదు. అంత పనిమంతురాలి చెవిలో మీ నాన్న పువ్వు పెడుతున్నారు, అది నాకు మరీ కష్టంగా ఉంది.

"ఎవరికీ తెలీదు కాబట్టి వచ్చెయ్యి" అన్నావు చూడు, అందుకే అందరికీ తెలియాలి అంటున్నాను! తెలియకపోతే నేను ఏదో ఒక రోజు భుజం నొప్పి పుట్టి, మూటా ముల్లే సర్దుకుని వచ్చేస్తాను. ఎవరూ అడగరు కదా అనుకుంటాను. అడిగేవాళ్ళు ఉండాలి. మెట్ల మీద నిలేసి "ఏమమ్మా, చదువు ఎంతవరకొచ్చింది?" అనాలి. నేను జవాబు చెప్పుకోవాలి.

తలపైన అతకడం మొదలుపెట్టాం. పలక నెత్తి మీద ఉంటుంది, కింద నిలబడి చెయ్యెత్తి రాడ్డు నడిపించాలి. కరిగిన ఇనుము కిందికి జారదామని చూస్తుంది, నిప్పురవ్వలు మెడలోకి దిగుతాయి. భుజం ఎక్కడుందో ఇన్నాళ్ళూ తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. నిలువుగా అతికినవి పగలడం లేదు. తలపైన అతికినవి పగులుతున్నాయి. పగిలిన చోట చూస్తే ఎక్కడ తప్పు చేశామో కనిపిస్తుంది, అందుకే నాకు సంబరం. ఈ చదువు నీ లెక్కల్లాంటిది కాదు.

ఆ గేటు కీలు ఎందుకు ఊడిందో కూడా తెలిసింది. కరెంటు తక్కువ పెట్టాను. పైన చక్కగా పేరుకుంది, లోపలికి పట్టలేదు. మీ నాన్న పోయించిన పురుడూ అంతే, ఎప్పుడో ఊడి ఎవరి కాలి మీదో పడుతుంది. మేడమీదావిడతో నిజం చెప్పు. నాన్న చెప్పరు. నువ్వు చెప్పు.

అమ్మ (బాలింత దగ్గర లేదు)


సెప్టెంబరు 9

అమ్మా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు, ఆఫీసులో ఊపిరి సలపలేదు. నీ ఉత్తరాలు నాన్నకి చదివి వినిపిస్తున్నాను. భుజం సంగతి వచ్చినచోట "మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. లేచి షెడ్డుకెళ్ళిపోయారు.

మేడమీదావిడకి ఇంకా చెప్పలేదు. చెబుదామనే మెట్లెక్కాను. "బాబు మనుషుల్ని గుర్తుపడుతున్నాడా?" అని అంత ఆశగా అడిగింది. పడుతున్నాడన్నాను. తిట్టు.

భుజం గురించీ ఆ తలపైన పరీక్ష గురించీ నువ్వేం దిగులుపడకు. ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పాను. అంతా సవ్యంగా జరిగిపోతుంది.

నీ కూతురు


సెప్టెంబరు 18

ప్రిన్సిపాలు పిలిచారు. కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. మంచినీళ్ళు తెప్పించారు. నాకు అప్పుడే అనుమానమొచ్చింది.

"వయోభారాన్నీ భుజం నొప్పినీ దృష్టిలో ఉంచుకుని మా తల్లిగారిని తలపైన అతికే పరీక్ష నుంచి మినహాయించి, హాజరు సర్టిఫికెట్ ఇప్పించవలసిందిగా ప్రార్థన." ఎంత చక్కగా రాశావే! చదువుతుంటే నాకే నా మీద జాలి కలిగింది. వయోభారమట. ఆ భారం నేను ఎవరి నెత్తినైనా పెట్టానా?

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "హాజరు సర్టిఫికెట్ ఇచ్చేస్తాం, ఫ్రేము కట్టించుకోండి" అన్నారు. నేను రోజూ వచ్చి కూర్చున్నానని రాసిస్తారన్నమాట. వచ్చి కూర్చోవడానికైతే మన షెడ్డులోనే కుర్చీ ఉంది కదా! పరీక్ష రాస్తానన్నాను. ఇంటివాళ్ళే వద్దని రాశాక, రేపు ఏదైనా జరిగితే ఎవరు పూచీ అన్నారు. ఇంటి నుంచి కాగితం వస్తేనే కూర్చోనిస్తారట. నిన్ను బళ్ళో వేసిన రోజు సంతకం పెట్టింది నేను. నీ పరీక్షలకి, నీ హాస్టలుకి, నీ విహారయాత్రలకి పెట్టింది నేను. ఇప్పుడు నా పరీక్షకి నీ సంతకం కావాలి.

నువ్వు ప్రేమతోనే రాశావని తెలుసు. మీ నాన్న కీలు చూపించి నవ్వేది కూడా ప్రేమగానే. మీ ఇద్దరి ప్రేమతో నా తలప్రాణం తోకకొస్తోంది.

పరీక్ష అక్టోబరు మధ్యలో. ఏం చెయ్యాలో ఆలోచించుకో.

అమ్మ


సెప్టెంబరు 24

అమ్మా,

మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఉత్తరం ఉత్తరానికీ పగిలింది, పగిలింది అని రాసింది ఎవరు? నిప్పురవ్వలు మెడలోకి దిగుతున్నాయని రాసింది ఎవరు? అవి చదివి కూతురు చేతులు ముడుచుకుని కూర్చోవాలా? నాకు హాస్టల్లో జ్వరమొస్తే నువ్వు ఉన్నపళాన వచ్చి, పరీక్ష వాయిదా వెయ్యమని వార్డెన్‌తో పోట్లాడలేదూ? నేను నీ దగ్గర నేర్చుకున్నదే చేశాను.

అయినా నీ ఇష్టం. కావలసిన కాగితం ఇందులో పెట్టాను. "పై అభ్యర్థిని పరీక్షకు హాజరు కావడానికి మాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు" అని రాసి సంతకం పెట్టాను. సరిపోతుందా?

నీ కూతురు


సెప్టెంబరు 29

నీ కాగితం తిప్పి పంపుతున్నాను.

ప్రిన్సిపాలుకి ఇది చాలు. నాకు చాలదు. అభ్యంతరం లేదని రాయడానికి, అసలు అభ్యంతరం ఉండటానికి నువ్వెవరు? నాకు అనుమతి ఇవ్వకు. నువ్వు రాసిన తప్పుడు ఉత్తరాన్ని నువ్వు వెనక్కి తీసుకో. అది వేరు, ఇది వేరు. తేడా తెలియకపోతే ఫిర్యాదుల ఆఫీసులో ఏం చేస్తున్నావే?

జ్వరం సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. అప్పుడు నీకు జ్వరం వచ్చింది, నువ్వు రమ్మన్నావు. నాకు జ్వరం లేదు, నేను రమ్మనలేదు. పరీక్షలోగా కాగితం రాకపోతే క్లాసు బయట బెంచీ ఉంది కదా, దాని మీద కూర్చుని హాజరు పిలిచినప్పుడల్లా అరుస్తాను.

అమ్మ


అక్టోబరు 4

అమ్మా,

ప్రిన్సిపాలు గారికి నేరుగా పంపాను. నకలు నీకు. ఇంత చిన్న ఉత్తరం నా ఉద్యోగంలో ఎన్నడూ రాయలేదు. "మా అమ్మ తరఫున నేను పెట్టుకున్న అర్జీ ఆమెను అడగకుండా పెట్టింది. అలా పెట్టే హక్కు నాకు లేదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె పరీక్ష గురించి ఇకపై ఆమెనే అడగండి."

అది పోస్టు చేసి అదే ఊపులో మేడమెట్లు ఎక్కాను. ఆవిడ మిషను ఆపి విన్నది. బాబు లేడు, పురుడు లేదు, మా అమ్మ వెల్డింగ్ చదువుతోంది అన్నాను. చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. ఆఖరికి "మరి నా మేజోళ్ళు ఎవరికి వేశారమ్మా?" అంది. కళ్ళజోడుకి అన్నాను. ముక్కున వేలేసుకుంది. మళ్ళీ తనే "ఆ మిషను కాలితో తొక్కాలా, చేత్తోనా?" అని మొదలుపెట్టి నన్ను గంట సేపు వదల్లేదు. నాకు తెలిసినంత చెప్పాను, తెలియనిది నువ్వొచ్చి చెప్పుకో.

నాన్నకి సాయంత్రానికల్లా తెలిసింది. "నలుగురిలో నా పరువు తీశావు" అన్నారు. తీసింది నేను కాదు, అబద్ధమాడి పోగొట్టుకున్నది మీరు అన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. కంచం తీసుకుని షెడ్డులో తింటున్నారు. తిననీ. నేనూ నీ కూతుర్నే.

బాగా రాయి. రాయడం కాదు కదా, ఏమంటారు దాన్ని? బాగా అతుకు.

నీ కూతురు


అక్టోబరు 20

నా తల్లీ,

నీ చిన్న ఉత్తరం ప్రిన్సిపాలు నాకు చదివి వినిపించారు. "మీ అమ్మాయి గట్టిది" అన్నారు. ఎవరి కూతురన్నాను.

పరీక్ష అయింది. పలక పడుకోబెట్టి అతికింది నెగ్గింది. నిలువుది నెగ్గింది. తలపైనది పగిలింది. పూర్తిగా వంగనేలేదు, సగం వంగుతూనే నోరు తెరిచింది. గదిలో పిల్ల నెగ్గింది, సంతోషంతో నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను బాత్రూములోకి వెళ్ళి నా ఏడుపు నేను ఏడ్చాను. దాచను, చాలా ఏడ్చాను. ఇంత గోల చేసి, నిన్ను తిట్టి, తీరా నేను తప్పాను.

తర్వాత ముఖం కడుక్కుని ఆఫీసుకెళ్ళి అడిగాను. నెల తర్వాత మళ్ళీ పెడతారట, ఆ ఒక్కదానికి. ఇక్కడే ఉంటాను. హాజరు సర్టిఫికెట్ మాట మళ్ళీ వచ్చింది, వద్దన్నాను.

ఇప్పుడు నీకొక పని. చదువు ఎలా సాగుతోందని ఎవరడిగినా చెప్పు. "మా అమ్మ ఒక పరీక్ష తప్పింది, మళ్ళీ రాస్తోంది" అని. గొంతు తగ్గించకు. భుజం నొప్పి వల్ల అనకు, వయసు వల్ల అనకు, మాస్టారు మంచివాడు కాదు అనకు. నెగ్గితే నాది, తప్పితే ఊళ్ళోవాళ్ళదా? తప్పింది కూడా నాదే. నా తప్పును మీ నాన్న మళ్ళీ పురుటికి పంపించడానికి వీల్లేదు.

మీ అమ్మ, ఇంకా విద్యార్థిని


నవంబరు 2

అమ్మా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాన్న నాతో మాట్లాడకపోయినా, నీ ఉత్తరం షెడ్డులో ఆయన కంచం పక్కన పెట్టి వచ్చాను.

ఆదివారం పొద్దున మేడమీదావిడ, ఇద్దరు ముగ్గురు పక్కింటివాళ్ళు మెట్ల దగ్గర ఉన్నారు. నాన్న రాడ్ల కట్ట భుజాన వేసుకుని వస్తున్నారు. ఆవిడ నన్ను పిలిచి "అమ్మ పరీక్ష ఏమైంది?" అని గట్టిగా అడిగింది. నిజం చెప్పడానికే నోరు తెరిచాను అమ్మా, ఒట్టు. కానీ నాన్నని చూసి నీళ్ళు నమిలాను.

నాన్న కట్ట కింద పెట్టారు. "తప్పింది" అన్నారు. "తలపైన అతికేది తప్పింది. మిగతా రెండూ నెగ్గింది. మళ్ళీ రాస్తుంది" అన్నారు. పక్కింటాయన నవ్వబోయి, నాన్న ముఖం చూసి ఆగిపోయాడు. "తలపైన అతకడం నాకే సరిగా రాదు, మీకొచ్చా?" అని అడిగి, కట్ట ఎత్తుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం షెడ్డుకి క్యారేజీ తీసుకెళ్ళాను. టేబులు మీద కీలు లేదు. ఏదంటే "తీసేశాను" అన్నారు. అంతే. తింటూ తింటూ, నన్ను చూడకుండా, "దాని చదువు ఎలా సాగుతోందో అడుగు. కరెంటు ఎంత పెడుతోందో అడుగు. తలపైన కాస్త తగ్గించి, రాడ్డు దగ్గరగా పట్టుకోమను" అన్నారు. ఉత్తరంలో రాయమన్నారో లేదో తెలీదు. రాశాను.

నీ కూతురు


నవంబరు 23

హెడ్మాస్టరమ్మ గారికి,

మీ నాన్నకి చెప్పు. రాడ్డు దగ్గరగా పట్టుకోవడం నాకు జులైలోనే వచ్చేసింది. కరెంటు మాత్రం ఆయన చెప్పింది నిజమే. ఆ కీలు ఊడిన రోజు నుంచి నాకు తక్కువ కరెంటంటే భయం. భయపడి ఎక్కువ పెట్టి ఇనుమంతా కార్చేస్తున్నాను. తగ్గించి చూశాను, నిలిచింది. ఈ ఉత్తరంలో నేను ఒప్పుకునేది ఇదొక్కటే. అయినా చదువు ఎలా సాగుతోందని అడగడానికి ఆయనకి ఇన్ని నెలలు పట్టింది. అడిగారని నువ్వు రాసిన ఆ ముక్క గదిలో పిల్లకి కూడా చదివి వినిపించాను.

నిన్న పరీక్ష. మాస్టారు పట్టీని ప్రెస్సులో పెట్టి "కళ్ళు మూసుకుంటారా అమ్మా?" అన్నారు. "మీరు వంచండి సార్" అన్నాను. వంచారు. వంగింది. ఇంకా వంగింది. నాడా అయ్యాక తీసి, అతుకు మీద గోరుతో గీకి చూశారు, వెలుతురులో పెట్టి చూశారు. పగుల్లేదు. రెండోది కూడా. హాలంతా తిరిగి చూసింది, ఈసారి మోత లేనందుకు.

ఆ రెండు పట్టీల్లో ఒకటి ఈ పార్సెలులో ఉంది. ఇక్కడ కాగితాల పని అయ్యాక వచ్చేస్తాను. వచ్చీ రాగానే మనింటి గేటుకి కొత్త కీలు నేనే అతుకుతాను, అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. మేడమీదావిడకి మిషను తొక్కేది కాదని చెప్పు. చూడాలనుంటే షెడ్డుకి రమ్మను, ముసుగు నేనిస్తాను.

ఇంతకీ కీలు తీసెయ్యమని ఎవరు చెప్పారు? మీ నాన్న ఎక్కడ దాచారో అక్కడి నుంచి తెచ్చి ఎప్పటిలాగే టేబులు మీద పెట్టమను. దాని పక్కన ఈ పట్టీ పెట్టు. ఎవరైనా వచ్చి కీలు చూసి నవ్వితే నవ్వనీ. నవ్వడం అయ్యాక పట్టీ చేతికిచ్చి, విరిచి చూడమను.

మీ అమ్మ, వెల్డరు